ఎడమ చెయ్యి

హీరోగారు ఇక నటించనని ప్రకటించిన మూడో రోజున, అభిమాన సంఘం సభలో చదవడానికి నేనొక వ్యాసం రాశాను. ముప్పై ఏళ్లుగా ఆయన క్రాపే నా క్రాపు. నా సెలూన్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే. ఆయన గురించి నాకన్నా బాగా రాసేవాడు లేడని సంఘం అధ్యక్షుడు తేల్చేశాడు. మేమందరం అతన్ని మైకు అంటాం.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. ఖాళీ కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి నన్ను చూస్తూ, "చదువు, వింటాను" అంది.

చదివాను. ఆయన నడక, ఆయన మౌనం, సినిమాలో తండ్రి శవం పక్కన నిలబడి అరచేతి అంచుతో ఒక్క కన్ను మాత్రం తుడుచుకునే ఆ దృశ్యం. ఆఖరి వాక్యం ఇది: "మా నాన్న పోయినప్పుడు ఏడవడం నాకు చేతనైందంటే, అది ఆయన పెట్టిన భిక్ష."

"ఆ ముక్క కొట్టెయ్ అన్నయ్యా."

"ఎందుకే?"

"నాన్ననెందుకు అందులోకి లాగుతావ్? అసలా రోజు నువ్వు ఏడ్చావా?"

"నీ కళ్లెదురుగానే కదే!"

"చూశాగా. ఎడంచేత్తో తుడుచుకున్నావ్. అన్నం కుడిచేత్తో, కత్తెర కుడిచేత్తో, చిన్నప్పుడు నా వీపు విమానం మోత మోగించింది కూడా కుడిచేత్తోనే. ఒక్క ఏడుపుకే ఎడంచెయ్యి ఎక్కణ్ణుంచి ఊడిపడిందిరా?"

నవ్వబోయాను. అద్దం వైపు తిరిగాను.

తెర మీద ఆయన కన్ను తుడుచుకోడానికి కుడిచెయ్యి ఎత్తితే, అది నాకు ఎడమవైపు కనిపించేది. పదిహేడేళ్లప్పుడు, బేరాల్లేని మధ్యాహ్నాలు, ఈ అద్దం ముందే నిలబడి సాధన చేశాను. తెర మీద ఏ వైపు చెయ్యి లేచేదో అద్దంలోనూ ఆ వైపే నా ఎడంచెయ్యి లేచేది. అచ్చుగుద్దినట్టు కుదిరిందని మురిసిపోయాను.

నాన్నను పడుకోబెట్టిన గది గుర్తు చేసుకోవాలని చూశాను. నాన్న ముఖం రాలేదు. మంచానికి ఎదురుగా ఉన్న బీరువా అద్దం వచ్చింది. అందులో నేను. మోచెయ్యి సరైన ఎత్తుకి లేచిందా లేదా అని చూసుకుంటున్న నేను. ఆయనకి చివరిసారి గడ్డం గీసింది నా వేళ్లే. ఆ చెంప ఎలా ఉండేదో వాటికీ గుర్తులేదు.

చూపు తిప్పుకున్నాను. సబ్బు కప్పులో ఎండిన నురగ, నేల మీద తడి వెంట్రుకలు, అద్దం అంచున నూనె మరకల మధ్య హీరోగారి ఫోటో. ఆయన మీద కోపం లేదు. ఆయన డబ్బు తీసుకుని నటించాడు. నేను ఉచితంగా, నాన్న శవం ముందు.

వాక్యం కొట్టేశాను. అది పోయినా వ్యాసానికి ఏ లోటూ రాలేదు. అదింకా అసహ్యంగా తోచింది.

ఫోన్ మోగింది. మైకు. "పొద్దున చెప్పావే, నాన్న ముక్క, అది ఉంచావుగా? అక్కడ కాస్త ఆగి చదువు గురూ. హాలు హాలంతా ఏడవాలి."

"అలాగే" అన్నాను.

చెల్లెలు లేచి, సంచీ భుజాన వేసుకుంది.

గబగబా వాష్‌బేసిన్ మీదికి వంగాను. పుల్లటి నీళ్లు తప్ప ఏమీ రాలేదు. తలెత్తి, మూతి తుడుచుకుంటూ అద్దంలోకి చూశాను.

లేచింది ఎడమ చెయ్యే.