మరీ మంచి పిల్ల

ఎవరింటి గోడకైనా కన్నం ఉంటే, అది చూపించి, సిమెంటు కూడా తెచ్చి పూడ్చిన మనిషిని ఆ ఇంటివాళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు. నా చేతిలో మాత్రం నలభై ప్రశ్నల దరఖాస్తు పెట్టారు.

నేను పూడ్చింది గోడ కాదు, ఒక సాఫ్ట్‌వేర్. జనం పాస్‌వర్డులన్నీ దాచుకునే పెట్టె అనుకోండి. ఓపెన్ సోర్స్ కాబట్టి లోపలి కోడంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. నేను చదివాను. తప్పు పాస్‌వర్డు వరసగా వెయ్యిసార్లు కొడితే, ఆ తర్వాతిసారి పెట్టె విసిగిపోయి దానంతటదే తెరుచుకుంటోంది. పదకొండు లైన్లు దిద్ది పంపాను. జవాబు ఒక్క ముక్కే వచ్చింది: "మాకు ఎందుకు సాయం చేస్తున్నారు?" దాని వెనకే ఆ దరఖాస్తు.

పాపం, వాళ్ళ భయం వాళ్ళది. రెండేళ్ళ కిందట ఒక మహానుభావుడు వాళ్ళ జట్టులో చేరాడట. అడిగిన పనల్లా చేశాడు, ఎవరికి జ్వరమొచ్చినా పలకరించాడు, ఒక్కనాడు మాట తూలలేదు. చివరికి పెట్టెలో దొంగదారి పెట్టి మాయమయ్యాడు. అప్పటినుంచి వాళ్ళకి మంచివాళ్ళంటే హడల్. అందుకే దరఖాస్తులో పద్నాలుగో ప్రశ్న, మధ్యలో వదిలేసిన పనుల జాబితా జతచేయమని. పంతొమ్మిదోది, చివరిసారి ఎవరిమీద అరిచారు, ఎందుకని. ముప్పై ఒకటోది, మీరు సోమరి అనడానికి ఆధారాలేమిటని.

ఒళ్ళు మండి అవతల పారేద్దామంటే కుదరదు. మా కాలేజీలో చివరి ఏడాది ప్రాజెక్టంటే, బయటివాళ్ళు నిజంగా వాడే సాఫ్ట్‌వేర్‌లో మన పని చేరాలి. నెల రోజుల్లోగా వీళ్ళు నన్ను చేర్చుకుంటే పట్టా. లేకపోతే అదే క్లాసులో, అదే బెంచీ మీద ఇంకో ఏడాది. మా లెక్చరర్ ఈ సంగతి చాలా ప్రశాంతంగా చెప్పాడు. ఆయనదేం పోయింది!

మూడు వారాలు నా అవలక్షణాలు ఏరుకుంటూ కూర్చున్నాను. తల ప్రాణం తోకకొచ్చింది. సగం చదివి వదిలేసిన పుస్తకాల ఫోటో పంపితే, వాటిని మరీ పొందిగ్గా పేర్చానని మార్కులు తగ్గించారు. ఇక మిగిలింది సాక్షి. నాతో ఒకే ఇంట్లో ఉంటూ నా తప్పులు తెలిసినవాళ్ళు వీడియోలో మాట్లాడాలి. అది చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా తప్పుల మీద మా అమ్మకున్నంత పట్టు నా చదువు మీద నాకే లేదు.

మా ఇంటి ముందుగదే అమ్మ కుట్టుపని గది. వీడియోకి ముందురోజు వెళ్ళి, "నా తప్పులు చెప్పాలమ్మా" అన్నాను. ఎవరో స్కూలు పిల్లాడి పాంటు పొడుగు తగ్గిస్తూ అమ్మ తలెత్తకుండానే, "ఎన్ని కావాలి?" అంది.

"గుర్తొచ్చినన్ని."

"తడి తువ్వాలు మంచం మీద పడేస్తావు. ఫ్యాను ఆపవు. బట్టలు కోసే కత్తెరతో కాగితాలు కోస్తావు. పిలిస్తే 'ఆఁ' అంటావు, రావు. వచ్చినా ఎందుకొచ్చావో మర్చిపోతావు..."

పాంటు రెండు కాళ్ళూ మడిచి కుట్టేలోపు ఇరవై మూడు అయ్యాయి. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఆనందంతో నాకు కళ్ళు చెమర్చాయి.

"రేపు ఇవే చెప్పు. ఒక్కటీ తగ్గించకు. నా పట్టా నీ నోట్లో ఉంది."

"నా నోటి సంగతి నాకు చెప్తావేంటే!" అంది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి బట్టలు కత్తిరించే బల్ల ఖాళీ చేసి, దారపు రీళ్ళ డబ్బాకి ఫోను ఆనించాను. అమ్మ మొహం కడుక్కుని, తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకొచ్చింది. నేను పుట్టి ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో ఫోనుకి నమస్కారం పెట్టింది. నేను అక్కడే అనుమానపడాల్సింది.

తెరమీద ముగ్గురు. ఇద్దరు భద్రత కోసం మొహాలు చూపించరు, వాళ్ళ చోట నల్ల చదరాలున్నాయి. మూడో ఆయన కళ్ళజోడాయన, మన భాష వచ్చినవాడు.

"అమ్మగారూ, మీ అమ్మాయి ఎలాంటిది?"

"బంగారమండీ" అంది అమ్మ.

కళ్ళజోడాయన ఏదో రాసుకున్నాడు.

"పని మధ్యలో వదిలేస్తుందా?"

"పట్టిందంటే వదలదండీ. తిండి కూడా గుర్తుండదు."

నల్ల చదరాల్లో ఒకటి దగ్గింది.

"ఎవరిమీదైనా అరుస్తుందా?"

"నోట్లో నాలుక లేని పిల్లండీ."

బల్ల కింద అమ్మ కాలు తొక్కాను. మొహంలో నవ్వు చెదరకుండా అమ్మ నా కాలు తిరిగి తొక్కింది, ఇంకా గట్టిగా.

"పోనీ, అబద్ధాలాడుతుందా?" కళ్ళజోడాయన గొంతులో కాస్త ఆశ కూడా వినిపించింది.

"దానికి చేతకాదండీ. నాకు ఈమధ్య చూపు ఆనట్లేదు. ఎవరికీ చెప్పలేదు. ఇది కనిపెట్టేసి, రోజూ కాలేజీకి పోయేముందు పది సూదులకి దారం ఎక్కించి పెట్టి పోతుంది. నేను చూళ్ళేదనుకుంటుంది. అది చేసిన ముడి నాకు తెలీదా అండీ?"

అమ్మకి తెలుసని నాకు నిజంగా తెలియదు. ఆ క్షణంలో ఫోను లాక్కుని ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. లాక్కోలేదు. ఇంకా చెబుతుందేమోనని వింటూ కూర్చున్నాను.

కళ్ళజోడాయన పెన్ను పక్కన పెట్టాడు. "ఇంత మంచివాడు మాకు రెండేళ్ళ కిందట ఒకడు తగిలాడమ్మా" అని నా వైపు తిరిగాడు. "నియమం ప్రకారం మీకు ఒక అవకాశం ఉంది. మీ అమ్మగారు చెప్పినవి అబద్ధాలని ఒక్కమాట అనండి. ఈ నిమిషమే చేర్చుకుంటాం."

ఒక్కమాట. ఇరవై మూడు తప్పుల కాగితం నా ఒళ్ళోనే ఉంది. అమ్మ నన్ను చూడట్లేదు, నిటారుగా కూర్చుని ఫోనునే చూస్తోంది. ఇంట్లో అయితే "అబద్ధాలు చెప్పకమ్మా" అని రోజుకి నాలుగుసార్లు అంటాను. అది వేరు. ముక్కూమొహం తెలియని ముగ్గురి ముందు మా అమ్మని పట్టుకుని ఆ మాట ఎలా అనను?

"నిజమే సార్" అన్నాను. "అన్నీ నిజమే."

తెర నల్లబడింది. నిమిషం తర్వాత తీర్పు అక్షరాల్లో వచ్చింది: "సాక్షి, దరఖాస్తుదారు ఒకే మాట మీద ఉన్నారు. ఇది ఒక్కరి పని కాదు, ముఠా. దరఖాస్తు తిరస్కరించడమైనది." నేను పంపిన పదకొండు లైన్లూ తీసి పారేశారు. కన్నం కన్నంలాగే ఉంది.

చదువులో ఏడాది దండగైంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"నిన్న ఇరవై మూడు చెప్పావు కదమ్మా!"

"నిన్న మనిద్దరమే కదే ఉన్నాం. చెబుదామనే కూచున్నా. పరాయివాళ్ళ ముందు ఒక్కటీ నోటికి రాలేదు." అమ్మ ఫోను దగ్గరికి తీసుకుని కళ్ళు చికిలించింది. కనిపించలేదు. "ఇంతకీ ఏం రాశారు?"

"మనిద్దరం ఒక ముఠా అట."

అమ్మ మంచి బట్టల మీదే టేపు మెడలో వేసుకుని మిషను ముందు కూర్చుంది.

"అది కనిపెట్టడానికి ముగ్గురు కూర్చోవాలా?" అంది.