నల్ల గొడుగుల మూడో ఆల్బమ్

కళ్ళద్దాల షాపాయన దృష్టిలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు. నల్ల గొడుగులు అనే రాక్ బ్యాండ్ వారి మూడో ఆల్బమ్ విన్నవాళ్ళు, చెవులు దండగ చేసుకున్నవాళ్ళు. షాపుకొచ్చినవాళ్ళని అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి, "కింది వరస కనిపిస్తోందా?" అని అడిగిన నోటితోనే "రాక్ వింటారా?" అని కూడా అడిగేవాడు. విననన్నవాళ్ళకి అద్దాలైతే ఇచ్చేవాడు గానీ, వాళ్ళు బాగుపడతారన్న నమ్మకం ఆయనకి ఉండేది కాదు.

ఈ పిచ్చిలో ఆయనకి దొరికిన తోడు ఒక్కడే, బామ్మర్ది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆదివారం పొద్దున్నే అక్క ఇంట్లో దిగి, కాఫీ చల్లారిపోయేదాకా బావతో వాదించేవాడు. మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వింటుంటే రేకుల షెడ్డు మీద వాన కురిసినట్టుందని ఒకరు, వాన కాదు రాళ్ళు పడినట్టుందని ఇంకొకరు. రెండో ఆల్బమ్‌లో గిటారు అంత సాగదీయాలా అన్న మీమాంసలో ఒకసారి భోజనాలు సాయంత్రానికి వాయిదా పడ్డాయి. అంత సుఖంగా సాగుతున్న బంధుత్వం మూడో ఆల్బమ్ దగ్గర బెడిసికొట్టింది.

"నూతి అడుగునుంచి పిలుస్తున్నట్టుంటుందిరా ఆ గొంతు. ఒక్కో మాటా ఎంత బరువుగా పైకొస్తుందో!" అనేవాడు బావ.

"బరువేంటి బావా? పుట్టినరోజు పార్టీలో పెడితే పిల్లలు గంతులేస్తారు" అనేవాడు బామ్మర్ది.

ఎవరి ఇంట్లో వాళ్ళ రికార్డు వాళ్ళు విని, పాపం ఎదుటివాడికి చెవుడొచ్చిందని బాధపడేవారు. ఒక ఆదివారం బామ్మర్ది నోరు జారాడు.

"అసలు ఆవిడ గొంతులోనే నవ్వుంది కదా!"

"ఆవిడా?" బావ కుర్చీలోంచి లేచాడు. "అంత మగగొంతు పట్టుకుని ఆవిడంటావా? ఆ మహానుభావుడంటే నీకు ఎగతాళిగా ఉందా? నడు బయటికి!"

అట్ట మీద గొడుగులే తప్ప మొహాలు లేవు. పాడిందెవరో ఎక్కడైనా చదివి తెలుసుకోవచ్చు. కానీ పాట గురించి చదవడమంటే చెవిని అవమానించడమేనని బావ సిద్ధాంతం. బామ్మర్ది నడిచాడు, మళ్ళీ రాలేదు.

ఆదివారాలు మూగబోయాయి. బావకి మంచి మంచి ఎత్తిపొడుపులు తట్టేవి, వేయడానికి మనిషి లేక మింగేసేవాడు. బామ్మర్దికి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని తెలిసి "మంచిదే" అన్నాడు గానీ, ఆరోజు ఒక పంతులమ్మ కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాడు.

"ఇవాళ వాడు సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నాడు" అంది భార్య, ఇల్లంతా దులుపుతూ. "నాకు చెప్పడానికొస్తాడు. ఒక్క మాట మాట్లాడండి. ఇలాగే పంపేశారంటే వాడు మళ్ళీ ఈ గడప తొక్కడు. నా తమ్ముడి సంగతి నాకు తెలుసు."

ఆ భయం ఆయనకీ ఉంది. కానీ మీసం ఒకటి ఉంది కదా, అది ఒప్పుకోలేదు.

బామ్మర్ది వచ్చాడు. వీధిలో వ్యాను ఆగి ఉంది. బావ వైపు చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయి అక్కతో మాట్లాడుతున్నాడు. నోటితో చెప్పలేనిది రికార్డుతో చెబుదామనుకున్నాడు బావ. వెళ్ళేముందైనా వాడి చెవుల తుప్పు వదలాలి. మూడో ఆల్బమ్ తీసి, ప్లేయర్ మీద పెట్టి, శబ్దం బాగా పెంచి, ముల్లు దించాడు.

ఎవరో అమ్మాయి కిలకిలమంటూ పాట అందుకుంది. డ్రమ్స్ మెట్ల మీద బంతిలా గెంతుతున్నాయి.

బామ్మర్ది భుజాలు ఊపుకుంటూ బయటికొచ్చాడు. "ఒప్పుకున్నావా బావా! ఇదే కదా నేను మొత్తుకుంటున్నది!"

వేరే రికార్డు పెట్టానేమోనని బావ అట్ట తిప్పి చూసుకున్నాడు. బామ్మర్ది వంగి ప్లేయర్ చూశాడు. వేగం మీట నలభై అయిదు మీద ఉంది.

"పొద్దున దులిపినప్పుడు జరిగిందేమో" అంది అక్క గుమ్మంలోంచి.

"జరిగితే ఏమైందక్కా, ఉండాల్సింది అక్కడేగా" అన్నాడు తమ్ముడు.

ఆల్బమ్‌లు దాదాపు అన్నీ నిమిషానికి ముప్పైమూడు చుట్ల మీదే తిరుగుతాయి. బావ దగ్గరున్నవన్నీ అవే కాబట్టి ఆ మీట ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇదొక్కటే నలభై అయిదుది, నిదానంగా తిప్పితే అందులో ఆడగొంతు కాస్తా బరువైన మగగొంతైపోతుంది. ఆ అంకె రికార్డు మధ్యలో అచ్చయి ఉంది కూడా. సరిగ్గా దాని మీదే ఆయన తన షాపు స్టిక్కర్ అతికించాడు, 'జాగ్రత్తగా తిరిగి ఇవ్వగలరు' అని. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి, గోటితో స్టిక్కర్ గీకి అంకె చూసుకున్నాడు.

బామ్మర్ది నేలమీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. బావ తల వంచుకున్నాడు. ఇన్నాళ్ళూ తను ప్రాణం పెట్టి వాదించింది లేని మనిషి గురించి. ఆ లేని మనిషి కోసం ఉన్న మనిషిని వెళ్ళగొట్టాడు. సిగ్గుకంటే అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

"ఒరేయ్, తప్పు నాదేరా" అన్నాడు.

నవ్వు ఆగింది. బామ్మర్ది లేచి మీటని ముప్పైమూడుకి జరిపి, పాట మొదట్నుంచి పెట్టాడు. "ఏదీ, నీ మహానుభావుణ్ణి కూడా విననీ."

వానలో బస్సు కోసం ఎదురుచూసే పాట అది. ఇందాక అమ్మాయి పాడినప్పుడు బస్సు రాకపోయినా ఫరవాలేదనిపించింది. ఇప్పుడు ఏ బస్సూ రాదని తెలిసినవాడెవడో నిలబడి పాడుతున్నాడు. వీధిలో వ్యాను హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు. పాట అయిపోయాక బామ్మర్ది గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

"ఎవరో గానీ... ఏడిపించాడు బావా ఆయన."

"ఆవిడా ఫరవాలేదురా" అన్నాడు బావ. "కాలు ఊరికే ఉండనివ్వలేదు."

వ్యాను మళ్ళీ హారన్ కొట్టింది. బావ జేబులోంచి కొత్త స్టిక్కర్ తీసి, ఈసారి అంకె కనిపించేలా పక్కగా అతికించి, రికార్డు బామ్మర్ది చేతిలో పెట్టాడు. ఆ ఆల్బమ్ ఆ ఇంటి గడప దాటడం అదే మొదలు.

"ఇది నా దగ్గరా ఉంది కదా బావా."

"నీది గంతులకి అలవాటు పడిపోయింది. ఇది పట్టుకెళ్ళు. స్టిక్కర్ మీద ఏం రాసుందో చదువు."

బామ్మర్ది చదివాడు. "సరే, పోస్టులో పంపిస్తాలే."

"పోస్టులో విరిగిపోతుంది వెధవా," అన్నాడు బావ. "చేత్తో తెచ్చివ్వాలి."