వెంకటప్పయ్య పేరున్న మూట

సినిమావాళ్లకి తెల్లదొరల కాలం నాటి రైలు దోపిడీ కావాలి. గన్నవరం దాటాక పొలాల మధ్య పట్టాలు వేసి, చెక్కపెట్టె నిలబెట్టారు. దూరం నుంచి అచ్చం రైలే, దగ్గరికెళితే పచ్చి రంగు వాసన. ఆ పెట్టెలోకి చేనేత పంచెల మూట ఒకటి కావాలని పెడనలో నేతగాడు మార్కండేయుల్ని అడిగారు.

"పైన నాలుగు పంచెలు కనపడితే చాలండీ. లోపల గడ్డి కుక్కేయండి," అన్నాడు ఆర్ట్ అసిస్టెంట్ హేమసుందర్. మూట మీద నేసినవాడి పేరు పెద్దగా ఉండాలని కూడా అన్నాడు.

ఆ పేరు కోసమే మార్కండేయులు ఒప్పుకున్నాడు. చచ్చేదాకా మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి పేరు వెండితెర మీద పడుతుందంటే ఎవరు మాత్రం వద్దంటారు? గోనె మీద నల్లరంగుతో 'వెంకటప్పయ్య' అని రాశాడు. రాశాక ఆ పేరు కింద గడ్డి పెట్టడానికి చేతులు రాలేదు. వానాకాలంలో గుంటలోకి నీళ్లొచ్చి మగ్గం ఆగిపోతే అమ్ముకుందామని దాచిన పంచెలన్నీ సర్ది బిగించి కట్టేశాడు. సాయంత్రం తిరిగొచ్చేదే కదా అనుకున్నాడు, పిచ్చి మారాజు. దొంగలు మూటని ఏం చేస్తారో అడగనే లేదు.

షూటింగ్ రోజు దొంగ వేషం వేసిన నాగబాబు మూటని ఒంటిచేత్తో లాగబోయాడు. అది కదిలితేగా!

"రాళ్లు పెట్టారా ఏంటండీ?"

"పంచెలేనండీ," అన్నాడు మార్కండేయులు, కాస్త గర్వంగానే.

హేమసుందర్ నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ఇప్పుడు కత్తితో చీరేస్తారండీ! లోపల గడ్డి చూసి దొంగలు మోసపోయామనుకోవాలి. సీనే అది."

మార్కండేయులు మూట మీద చెయ్యేశాడు. పంచెలు తీసేసుకోవచ్చు. కానీ వెంకటప్పయ్య మూటలో గడ్డి ఉందని ఊరూరా చూస్తారే!

"నాన్న పేరు వద్దండీ," అన్నాడు.

"సరే, ఇంకేదైనా రాయండి. పేరైతే ఉండాలి," అంటూ హేమసుందర్ కొత్త గోనె, గడ్డి తెప్పించాడు.

మార్కండేయులు కుంచె పట్టుకుని ఆలోచించాడు. ఏ పేరు రాసినా ఆ పేరుగల నేతగాడు ఎక్కడో ఉండే ఉంటాడు. వాడికీ పిల్లలుంటారు. చివరికి 'మార్కండేయులు' అని రాశాడు.

"అదేంటండీ, మీ పేరా?" అంది తోడుగా వచ్చి పక్కనే గడ్డి కూరుతున్న భార్య వెంకటరావమ్మ.

"గడ్డి మూట కట్టింది నేనేగా."

"పైన పటారం, లోన లొటారం. మన చేత్తోనే చేశాం," అని గొణిగింది ఆవిడ.

కత్తి దిగింది. పేరు మధ్యకి చీలి గడ్డి బయటికొచ్చింది. షాట్ బ్రహ్మాండంగా వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. నాగబాబు వచ్చి చేయి కూడా కలిపాడు. మార్కండేయులికి ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం పంచెలన్నీ మళ్లీ తండ్రి పేరున్న గోనెలోనే కట్టి, పేరు పైకి కనపడేలా తలకెత్తుకున్నాడు. బరువుకి మెడ నొప్పెట్టింది. బస్టాండు దాకా దించలేదు.