రాతిదీపం వెనక దాచిన బూటు

నేను ఒక ఎడమకాలి బూటును. తెల్ల రంగు, నీలం లేసులు, ఏడో నంబరు. కుడికాలిది నాకు జత అంటారు గానీ, అది ఉత్త వెర్రిబాగులది. ఎవరు తొక్కినా సంతోషమే దానికి. నేనలా కాదు. మనుషుల్ని అరికాళ్ళ వైపు నుంచి చూస్తూ వచ్చినదాన్ని కనుక వాళ్ళ మీద నాకు గౌరవం కలగలేదు. ముఖాలకు పౌడరు రాసుకుని తిరుగుతారు. మడమల సంగతి మాకు తెలుసు.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. జిగురు వాసన, మిషను కింద ఒక్క నొక్కు, ఆపైన అట్టపెట్టె. తణుకులో ఒక చెప్పుల షాపులో ఎనిమిది నెలలు పడి ఉన్నాక సీతారత్నం అనే ఆవిడ వచ్చి నాలో పాదం పెట్టింది. అచ్చంగా సరిపోయింది. పాదమంటే ఇదీ అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ కొంటున్నది తన చెల్లెలు హైమావతికట.

“ఆ అమ్మగారిని కూడా తీసుకొచ్చి ఓసారి వేయించి చూడండమ్మా,” అన్నాడు షాపాయన.

“దానికేం తెలుసండీ? నాకు సరిపోతే దానికీ సరిపోద్ది. చిన్నప్పట్నుంచీ అంతేగా!”

హైమావతికి నలభై ఒకటి. డిగ్రీ కాలేజీలో లైబ్రేరియను. పాదం నాకన్నా అర నంబరు పెద్దది. అయినా వేళ్ళు ముడుచుకుని లోపలికి దూర్చి, “బాగున్నాయక్కా” అంది. నలభై ఒక్కేళ్ళు వచ్చినా తన కాలి కొలత తను చెప్పుకోలేని మనిషి! ఆమె మీద నాకు గౌరవమంటూ ఉంటే గింటే అక్కడితో సరి.

అలాంటిది ఒంటరిగా జపాన్‌లో క్యోటో నగరం చూసొస్తానని బయల్దేరింది. లైబ్రరీలో ఎవరూ తియ్యని ఒక తోటల పుస్తకంలో, ఇసుకను దువ్వెనతో దువ్వినట్టు గీతలు తీర్చిన గుడితోట బొమ్మ చూసిందట. పన్నెండేళ్ళ నుంచీ అదే కల. సీతారత్నం ఒక షరతు మీద ఒప్పుకుంది.

“తొమ్మిది రోజుల్లో ఒక్కటంటే ఒక్క తేడా జరిగినా నాకు ఫోన్ చెయ్యాలి. చేశావో, మర్నాటి విమానానికి వచ్చెయ్యాలి. ఇంక జన్మలో ఒంటరిగా వెళ్తానన్న మాట ఎత్తకూడదు. మా కాలనీవాళ్ళ టూరు బస్సుంది, బుద్ధిగా అందులో ఎక్కుదువుగాని.”

“అలాగేనక్కా.”

అదీ పందెం. నేను హైమావతికి ఒక్కరోజు గడువిచ్చాను.

మొదటిరోజు హోటలు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. రోడ్డు దాటలేదు. ఎవరైనా దాటితే వాళ్ళ వెనకే దాటుదామని నిలబడేది. తేల్చుకునేలోగా ఎర్రలైటు పడేది. గదికొచ్చి డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింది. రెండోరోజు బస్టాపు దాకా వెళ్ళి, మూడు బస్సుల్ని సాగనంపి తిరిగొచ్చింది. అక్కకి మాత్రం ‘అంతా బాగుంది’ అని మెసేజి. నా వంతుగా నేను రెండు మడమల మీదా బొబ్బలు తేల్చాను; కుడిది కూడా చెయ్యి వేసిందిలెండి. వాటికి కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ మమ్మల్నే తొడుక్కుంది. బూటు కరిస్తే బూటు మార్చుకోవాలని తోచదు వీళ్ళకి. కాలిదే తప్పనుకుంటారు.

మూడోరోజు ఎలాగో ఆ గుడికి చేరింది. లోపలికి బూట్లు విప్పి వెళ్ళాలి. వచ్చినవాళ్ళంతా జతలు జతలుగా చెక్క అరల్లో పెట్టి పోతున్నారు. తాళం లేదు, టోకెన్ లేదు, కాపలా లేదు. హైమావతికి నమ్మకం కుదరలేదు. అక్క చిన్నప్పుడే నేర్పింది కదా, “గుడి దగ్గర రెండూ ఒక్కచోట పెట్టకే. ఇదొకటి ఇటు, అదొకటి అటు. ఒంటి చెప్పు ఏ దొంగెత్తుకెళ్తాడే?” అని. సముద్రాలు దాటించి తెచ్చిన విద్య ఇది! కుడిదాన్ని పడమటి వాకిలి అరలో పెట్టి, మేజోళ్ళతో నడుచుకుంటూ తూర్పు వాకిలికి వచ్చి, నన్ను అక్కడ స్తంభంలా నిలబెట్టిన ఒక రాతిదీపం వెనక దాచింది. తన తెలివికి తనే మురిసిపోతూ లోపలికి పోయింది.

కాసేపటికి ఆకులు ఊడుస్తూ ఒక ముసలాయన వచ్చాడు. నన్ను చూసి, తప్పిపోయిన పిల్లని చూసినట్టు జాలిపడ్డాడు. ఆ వాకిలి అరలోని జతలన్నిటితో పోల్చి చూశాడు. కుడిదేమో అవతలి వాకిట్లో ఉందాయె! నన్ను రెండు చేతులా పట్టుకెళ్ళి, సైకిలు బుట్టలో పెట్టి, వీధి మలుపులోని పోలీసు ఔట్‌పోస్టులో అప్పజెప్పాడు. దొంగ ఎత్తుకుపోకుండా చేసిన ఏర్పాటు వల్ల నన్ను ఒక నిజాయితీపరుడు ఎత్తుకుపోయాడు. కుర్ర పోలీసు నా గురించి పేజీ నిండా రాసుకుని, చీటీ కట్టి, గొడుగుల పక్కన అరలో కూర్చోబెట్టాడు.

ఈపాటికి హైమావతి ఏడుస్తూ అక్కకి ఫోన్ చేసే ఉంటుంది, విమానం ఎక్కే ఉంటుంది అనుకున్నాను.

అక్కడ జరిగింది తరవాత కుడిది చెప్పింది. నమ్మితే నమ్మండి. హైమావతి అరగంట వెతికిందట. ఫోన్ తీసి అక్క నంబరు దాకా వెళ్ళిందట. బొటనవేలు గాల్లోనే ఆగిందట. మళ్ళీ ఫోన్ సంచిలో పడేసి, కుడిదాన్ని కవర్లో చుట్టి, ఉత్త మేజోళ్ళతో రోడ్డెక్కిందట. మొదటి చెప్పుల కొట్లో ముసలమ్మ ఆ బొబ్బలు చూసి నాలుక చప్పరించి, పట్టీ వేసి, పాదం కొలిచి, బూడిదరంగు గుడ్డ బూట్లు తొడిగిందట. హైమావతి పాదాన్ని ఎవరైనా కొలవడం అదే మొదలు. తర్వాత రెండు రోజులు ఆగలేదట. తప్పు బస్సెక్కి ఊరి చివర దిగి, వెదురుతోపులో తిరిగి, పేరు తెలియని నూడుల్స్ తిని, తిరుగు బస్సు చేతిసైగలతో కనుక్కుందట. ఆరోరోజు గుడికెళ్ళి అడిగితే, ఆ ముసలాయన తనే దొంగైనట్టు వంగి వంగి క్షమాపణ చెప్పి, ఔట్‌పోస్టు దారి చూపించాడట.

అలా కవర్లో కుడిదాన్ని పట్టుకుని వచ్చింది. పోలీసు మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తెగ సంబరపడ్డాడు. మాటల్ని వేరే భాషలోకి మార్చే ఫోనులో ఏదో అన్నాడు. అది తెలుగులో, “మీ ఎడమ బూటు క్షేమముగా ఉన్నది. దయచేసి ధరించండి,” అని పలికింది.

పాదం ఎటు తిరిగినా చివరికి నా దగ్గరికే రావాలని నోరు తెరుచుకుని కూర్చున్నాను. అప్పుడే అక్క ఫోన్.

“ఏమేవ్, రెండ్రోజుల్నుంచీ మెసేజి లేదేంటే? ఒంట్లో బాగుందా? బూట్లు జాగ్రత్తేనా?”

“చాలా జాగ్రత్తగా ఉన్నాయక్కా. పోలీసుల దగ్గరున్నాయి.”

“పోలీసులా! నే చెప్పానా? టికెట్టు మార్పిస్తాను...”

“మార్చుకోను. ఇంకా మూడ్రోజులుంది కదా. అవి ఏడో నంబరక్కా, నాది ఏడున్నర. వచ్చాక చెప్తాలే, నా బస్సొచ్చేస్తోంది.”

ఫోన్ సంచిలో వేసుకుంది. పోలీసు ఫోనులోకి, “నాకివి వద్దండి, ఎవరికి సరిపోతే వాళ్ళకివ్వండి” అని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టింది. పోతూ పోతూ వంగి, నా లేసునీ కుడిదాని లేసునీ కలిపి ముడేసి, ఇద్దర్నీ ఒకే అరలో పెట్టింది. రోడ్డు మీద పచ్చలైటు పడింది. ఎవరి కోసమూ చూడకుండా దాటేసింది.

రెండు నెలలైంది. ఈ అరకి తలుపు లేదు, తాళం లేదు. జత జతగా, ముడేసి మరీ ఉన్నాం. ఎత్తుకుపోదలచినవాడికి ఇంతకన్నా సులువేముంటుంది?

ఒక్కడూ చెయ్యి పెట్టలేదు.