మంగళవారం కూటం

సోమవారం పొద్దున ఆరు గంటలకు, ఎయిర్‌పోర్టు స్టాఫ్ గేటు దగ్గర, ప్రేమయ్య తన ఎంట్రీ పాసు మిషను మీద పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగి కీమంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ కీమంది. పాసును చొక్కాకు తుడిచి, ఊది, మూడోసారి పెట్టాడు.

"ఏందన్నా, మిషన్‌కు గూడ నీ మొఖం నచ్చుతలేదా?" అన్నాను వెనక నుంచి. లైన్లో నలుగురు నవ్వారు.

తర్వాత గోపయ్య పెట్టాడు. ఎరుపు. తర్వాత నేను పెట్టాను. ఎరుపు. ఇక ఎవరూ నవ్వలేదు.

ఆ పొద్దున ఇరవై ఏడు మందిమి ఎర్రబడ్డాం. ఎర్రజెండా పట్టుకున్న రోజుల్లో కూడా ఇంతమందిమి ఒకేసారి ఎర్రబడింది లేదు.

విమానాలెక్కే అయ్యలారా, చదువుకునే తమ్ముళ్లారా! బెల్టు మీద తిరుగుతూ తిరుగుతూ మీ సూట్‌కేసు మీ కాళ్ల దగ్గరికొస్తుందే, దాన్ని విమానం కడుపులో దూరి, నడుం వంచి బయటికి లాగింది మేమే. శంషాబాద్‌లో లేచేవి విమానాలు. లేపేది మేము. మేము మాత్రం ఎప్పుడూ లేవలేదు. లేద్దామని చూసినందుకే ఈ కథ.

సూపర్‌వైజర్ ఒక కాగితం పట్టుకొని గేటు బయటికొచ్చాడు. "మీ పాసులు వాపస్ ఇచ్చేసినం. మత్తుకు బానిసలైనోళ్లకు లోపల పని లేదన్నడు కాంట్రాక్టర్ సారు."

"ఎవడ్రా బానిస?" గోపయ్య మీదికి పోయాడు. "ఏడాదైతుంది నేను కల్లు ముట్టి!"

"నాకేం తెల్వదన్నా. మీ పేర్లు మీరే రాసిచ్చిన్రంట గద."

కాగితం చూపించాడు. జిరాక్సు. పైన గుండ్రటి అక్షరాలు, మా నర్సు స్వర్ణలతమ్మ చేతిరాత. 'మా వార్డులో చికిత్స కోరుకునే వారి జాబితా.' మొదటి సంతకం ప్రేమయ్యది. రెండోది ఈ ఎజ్రాది, అంటే నాది.

ఆ జాబితా సంగతి మొదట్నుంచి చెప్పాలి.

మా బండమీది కాలనీకి ఒక పక్క రన్‌వే, ఇంకో పక్క కల్లు కాంపౌండు. రెండు పక్కలా జనం గాల్లో తేలేవాళ్లే. కాకపోతే రన్‌వే వైపు తేలినవాళ్లు ఎక్కడికో ఒకచోటికి చేరతారు. కాంపౌండు కల్లు తాటిచెట్టును చూసి ఎరగదు. నీళ్లు, చక్కెర, మత్తుగోళీల పొడి. తాగుతుంటే మనిషి కరిగిపోతాడు. ఒక్కసారిగా మానితే ఫిట్సు వచ్చి పోతాడు. పోయిన ఎండాకాలం నాలుగు రోజులు కాంపౌండు మూతపడితే మా కాలనీలో ఇద్దరు ఫిట్సుతో కొట్టుకొని కొట్టుకొని, దవాఖానకు తీసుకుపోయే ఆటోలోనే చచ్చిపోయారు. మానాలంటే డాక్టరు చూస్తుండాలి, మందులిస్తూ మెల్లమెల్లగా దింపాలి.

ఆ పని స్వర్ణలతమ్మ ఒంటరిగా మొదలుపెట్టింది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ప్రతి మంగళవారం మా చర్చి రేకుల షెడ్డులో కూటం పెట్టేది. "నన్ను మతం మారుస్తవా ఏందమ్మా?" అని గోపయ్య అడిగితే, "ముందు నీ అంగీ మార్చుకో, కంపు కొడుతుంది" అంది. ఆ మాటకే గోపయ్య మనవాడైపోయాడు.

కూటం పద్ధతి ఒక్కటే. గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరు లేచి తమ పేరు, తాగకుండా ఎన్నో రోజో చెప్పాలి. అందరూ కలిసి "ఇంకొక్క రోజు!" అనాలి. మధ్యలో జారి తాగినవాడు లేచి "ఒకటో రోజు" అనాలి. వాడిని తిట్టకూడదు. వాడికే అందరికన్నా గట్టిగా బదులు చెప్పాలి. ఇంకో మాట, కూటంలో విన్న పేరు గుమ్మం దాటకూడదు.

షెడ్డులో మొట్టమొదట లేచి "ఒకటో రోజు" అన్నవాడు మల్లేశ్వర్. అప్పుడు మాతోపాటు లోడరే. మానాడు. మనిషయ్యాడు. మా ఓట్లతో బండమీదిపల్లి మున్సిపాలిటీలో కౌన్సిలరయ్యాడు. వాడు గెలిచిన రోజు ప్రేమయ్య వాడిని భుజాల మీద మోశాడు. మోయడం మా వృత్తి, మోసం ఎవరి వృత్తో మాకప్పుడు తెలియదు.

ఆ ఇద్దరు చచ్చిపోయాక మున్సిపాలిటీకి పోయాం. డాక్టరు కావాలి, మందులు కావాలి, ఆరు మంచాలు కావాలి, నిధులివ్వండి అని అడిగాం. ఏడు నెలలు తిప్పారు. "ఇంకో రోజు రాండ్రి" అనేవాడు క్లర్కు. మా కూటం మాటే వాడూ అంటున్నాడని నేను నవ్వేవాణ్ని. చివరికి మల్లేశ్వర్ తీర్మానం పెట్టించాడు. షరతు ఒకటి, చికిత్స కావాల్సినవాళ్లు సంతకాలు పెట్టి, గుర్తింపు కార్డు జిరాక్సు జతచేయాలి.

కూటంలో పెద్ద గొడవైంది.

"పేరు గుమ్మం దాటొద్దన్నరు. ఇప్పుడు ఆఫీసుకే పంపుమంటున్నరు, ఇదేం న్యాయం?" అన్నాడు గోపయ్య.

ప్రేమయ్య లేచాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "పోయిన ఇద్దరి పేర్లు గూడ రాసిన్రు. చావు సర్టిఫికెట్ల రాసిన్రు. మనం బతికుండంగ రాసుకుందం. మల్లేశ్వర్ మనోడు. ముందుగాల నాది రాయమ్మా."

పెన్ను చేతులు మారడం మొదలైంది. కార్డు దగ్గర మళ్లీ ఆగింది. అప్పుడు నేను నా పాపిష్టి నోరు తెరిచాను. "ఆధార్ ఫోటోల అందరం దొంగల లెక్కనే ఉంటం. మంచిగ నవ్వుకుంట దిగింది ఎయిర్‌పోర్టు పాసుల. అదే పెట్టుండ్రి. మనం గూడ దొరలమే అనుకుంటరు!"

షెడ్డు ఘొల్లుమంది. ఇరవై ఏడు మందిమీ పాసు జిరాక్సే పెట్టాం. మా దగ్గరున్న కార్డుల్లో మాకు గర్వంగా ఉన్నది అదొక్కటే. దాని మీద మా పని ఉంది, మా కాంట్రాక్టర్ పేరుంది. ఆ రోజు పుట్టిన నవ్వు ఇప్పటికీ నా గొంతులో ఎముకలాగా ఉంది.

తీర్మానం పాసైంది. మా పాసులు ఫెయిలయ్యాయి.

సోమవారం పదకొండింటికి ఇరవై ఏడు మందిమి, మా ఆడవాళ్లు, స్వర్ణలతమ్మ మున్సిపల్ ఆఫీసుకు చేరాం. వాకిట్లో కమాను కడుతున్నారు. ఫ్లెక్సీ మీద మల్లేశ్వర్ నవ్వుతున్నాడు. 'మత్తు రహిత వార్డు. మంగళవారం ఉదయం అవగాహన పరుగు.' కింద సౌజన్యం అని మా లేబర్ కాంట్రాక్టర్ శ్రావణ్‌కుమార్ ఫోటో. వెనకాల మసకగా మా చర్చి షెడ్డు, అందులో గుండ్రంగా కూర్చున్న మా వీపులు.

మల్లేశ్వర్ వరండాలోకి వచ్చాడు.

"మా మంచాలేవి తమ్మీ?" స్వర్ణలతమ్మ అడిగింది.

"నిధులు అవగాహనకు మార్చినమమ్మా. కౌన్సిల్ నిర్ణయం. తాగుడు మానినోళ్లకు చికిత్స అవసరం లేదని రాసిన్రు. మాననోళ్లు వస్తరన్న గ్యారంటీ లేదని రాసిన్రు."

"అంటే మానినోడికి అక్కర లేదు, మాననోడికి అర్హత లేదు. ఇగ మంచం ఎవరికి, నీకా?" అన్నాను.

"జాబితా కాంట్రాక్టర్ చేతికి ఎట్ల పోయింది?" గోపయ్య.

మల్లేశ్వర్ చూపు దించాడు. "అడిగిండు, ఇచ్చిన. నా మీద గూడ ఒత్తిడి ఉంటదన్నా. మీరే వారానికో సెలవు కావాలని సంతకాలు పట్టుకొని తిరిగితిరి. ఆయనకు కోపమొచ్చింది. జర ఓపిక పట్టుండ్రి, ఏదో ఒకటి చేస్త."

అప్పుడు అర్థమైంది. సెలవు అడిగిన కాగితం మీదా, చికిత్స అడిగిన కాగితం మీదా ఉన్నవి ఆ పేర్లే. ఇప్పటికీ కాంపౌండుకు పోయేవాళ్ల పాసులు పచ్చగానే వెలుగుతున్నాయి. పోయినవి మానినవాళ్ల పాసులే. మత్తులో ఉన్నన్నాళ్లు మేము మంచి కూలీలం. డబుల్ డ్యూటీ అంటే డబుల్ డ్యూటీ. మత్తు దిగాక గడియారం కనబడింది, వారం కనబడింది, వారానికి ఆదివారం ఉందని కనబడింది. నిధులు అడిగితే విధుల్లోంచి పీకేశారు.

"నువ్వు మొదటిసారి వణుక్కుంట షెడ్డుకొచ్చినప్పుడు నిన్ను పట్టుకొని కూసున్నదెవరో యాదికున్నదా?" అన్నాడు ప్రేమయ్య. మల్లేశ్వర్ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

కోపం తలుపును చీల్చలేకపోతే పక్కవాడి మీద పడుతుంది. గోపయ్య ప్రేమయ్య కాలర్ పట్టుకున్నాడు. "మనోడు మనోడంటివి! ముందుగాల సంతకం పెట్టి అందర్నీ ముంచితివి గదనే!" ఇంకొందరు అందుకున్నారు. పాసు జిరాక్సు మాట ఎవరి నోటినుంచి వచ్చిందో ఎవరికీ గుర్తు రాలేదు. నాకు గుర్తుంది. నేను నోరు తెరవలేదు. జీవితంలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, మూసుకోకూడని చోట.

ప్రేమయ్య కాలర్ సర్దుకొని, ఎవరినీ చూడకుండా, గేటు దాటిపోయాడు. వాడిది ఆ రోజు రెండు వందల నలభై ఒకటో రోజు.

మంగళవారం పొద్దున ప్రేమయ్య భార్య యేసమ్మ తన ఇంట్లోని నులకమంచం నెత్తిన పెట్టుకొని కాలనీ మధ్యలో నిలబడింది.

"మంచాలియ్యరంట. మనమే తీస్కపోదం. ఇయ్యాల కూటం షెడ్డుల గాదు, వాళ్ల వాకిట్ల. ఎవరొస్తరు?"

"ప్రేమయ్య ఏడీ?" అన్నారెవరో.

"మంచం నేను మోస్తలేనా? నన్నడుగుండ్రి."

అప్పుడు నేను ముందుకొచ్చి నిజం చెప్పాను. "పాసులు పెట్టుమన్నది నేను. ప్రేమయ్యను అన్న మాటలు నన్ననుండ్రి. నడుసుకుంట అనుండ్రి." గోపయ్య "నీ జోకులల్ల మన్నువొయ్య" అని, మంచానికి రెండో కోడు పట్టుకున్నాడు.

ఆరు మంచాలు, వంద మంది. మేము చేరేసరికి పరుగు మొదలవుతోంది. తెల్ల టీషర్టుల్లో ఆఫీసువాళ్లు, వేదిక మీద మల్లేశ్వర్. కమాను కింద, సరిగ్గా పరుగు దారికి అడ్డంగా, మంచాలు వేశాం. గుండ్రంగా కూర్చున్నాం. స్వర్ణలతమ్మ బీపీ మిషను తీసి మంచం మీద పెట్టింది.

"ఎజ్రా. నాలుగు వందల పన్నెండో రోజు."

"ఇంకొక్క రోజు!"

"గోపయ్య. మూడు వందల డెబ్భయ్యో రోజు."

"ఇంకొక్క రోజు!"

గుమ్మం దాటకూడని పేర్లను మేమే గుమ్మం దాటించాం. యేసమ్మ లేచి వేదిక వైపు తిరిగింది. "మల్లేశ్వర్, ఫ్లెక్సీల మా వీపులున్నయి, నీ మొఖమున్నది. ఇగో, మొఖాలు తెచ్చినం. నువ్వు గూడ కూటమోడివే. లేచి చెప్పు, నీది ఎన్నో రోజు?"

మైకు వాడి చేతిలోనే ఉంది. నోరు తెరిచాడు. మానిన మూడేళ్ల లెక్క వాడి నోట్లోంచి రాలేదు. మైకు కుయ్యిమంది, అంతే.

పోలీసులొచ్చారు. సీఐ పుస్తకం తీయించాడు. "ఒక్కొక్కరు పేరు చెప్పి వ్యానెక్కుండ్రి." మేము పేరుతో పాటు రోజు చెప్పడం మొదలుపెట్టాం. "రోజులెందుకయ్యా, పేరు చాలు" అని కానిస్టేబుల్ మొత్తుకున్నాడు. "రాసుకో సారూ, పేరు మా అయ్య పెట్టిండు, రోజులు మేము సంపాదించుకున్నం" అన్నాడు గోపయ్య.

అప్పుడే వచ్చాడు ప్రేమయ్య. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నిన్నటి చొక్కా. దగ్గరికి రాకముందే వాసన వచ్చింది, ఆ పుల్లటి కాంపౌండు వాసన. జనం దారి ఇచ్చారు. వేదిక మీద మల్లేశ్వర్ ముఖంలో ఏదో తేలికదనం కనిపించింది. చూశారా, నేను చెప్పలేదా అన్నట్టు.

"పేరు?" అన్నాడు కానిస్టేబుల్.

ప్రేమయ్య యేసమ్మను చూశాడు. మమ్మల్ని చూశాడు.

"ప్రేమయ్య. ఒకటో రోజు."

ముందు గోపయ్య అరిచాడు, నిన్న కాలర్ పట్టిన గోపయ్యే. వెనకాల మేమంతా. "ఇంకొక్క రోజు!" కమానుకు కట్టిన ఫ్లెక్సీ ఆ అరుపుకు కొట్టుకుందో, గాలికి కొట్టుకుందో నేను చెప్పలేను.

ఇరవై ఏడు మందినీ, స్వర్ణలతమ్మనూ, యేసమ్మనూ తీసుకుపోయారు. ప్రేమయ్య చేతులు వణుకుతుంటే వ్యానులో స్వర్ణలతమ్మ పట్టుకొని కూర్చుంది.

రెండో షిఫ్టుకు బస్సు దిగిన లోడర్లు, జాబితాలో లేనివాళ్లు, ఇంకా కాంపౌండుకు పోయేవాళ్లు కూడా, మా అరెస్టు సంగతి విని ఆ రోజు గేటు దగ్గరే ఆగిపోయారు. పచ్చగా వెలిగే పాసులు జేబుల్లో పెట్టుకొని వెనక్కి తిరిగారు. ఆ సాయంత్రం ఎయిర్‌పోర్టులో బెల్టులు ఖాళీగా తిరిగాయని, సూట్‌కేసులు విమానాల కడుపుల్లోనే ఉండిపోయాయని మాకు తర్వాత తెలిసింది.

బుధవారం పొద్దున స్టేషన్లో రైటర్ మళ్లీ పుస్తకం తెరిచాడు. "కోర్టుకు పంపాలె. మొదట్నుంచి చెప్పుండ్రి. నీ పేరు?"

"ప్రేమయ్య. రెండో రోజు."

స్టేషన్ లోపల ఉన్నది మేము కొద్దిమందిమే. బదులు మాత్రం బయటి నుంచి, ప్రహరీ గోడ అవతలి రోడ్డు మీది నుంచి, పని ఆపి వచ్చిన రెండు షిఫ్టుల గొంతుతో వచ్చింది.

"ఇంకొక్క రోజు!"