వెంపటాపురం చాకిరేవు బండ

నేను ఒక బండను. మీలో ఎవరినైనా ఆ మాట అంటే తిట్టినట్టు. నాకు మాత్రం అదే పేరు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నల్లని ఒళ్లు. ఒక పక్క నిండా అక్షరాలున్నాయి. ఏం రాశారని నన్నడగొద్దు. రాళ్లకు చదువు రాదు. వచ్చినా, ఎవరి వీపు మీద ఏముందో వాళ్లు చదువుకోగలరా?

చెక్కినవాడి పేరు మల్లోజు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి మాట. వాగు ఒడ్డున ఎండలో కూర్చొని, ఒకడు రాసిచ్చిన తాటాకు చూసుకుంటూ వీడు ఉలితో కొట్టాడు. మధ్యలో ఒక అక్షరం మరిచిపోయి, తర్వాత పైన సందు చూసి ఇరికించి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూశాడు. నన్ను ఒడ్డున నిలబెట్టి, పసుపు రాసి, సూర్యచంద్రులున్నంత కాలం ఈ మాట నిలుస్తుందని చాటించారు. ఓ మూడు తరాలు నిలిచింది. ఆ తర్వాత ఏదో సైన్యం వచ్చి నాకు గుర్రాలను కట్టేసింది. ఒక వానాకాలం వరదకు కూలిపోతే, పొలాలకు పోయేవాళ్లు అక్షరాలు కిందికి తిప్పి కాలువ మీద వంతెనగా వేసుకున్నారు. రెండు వందల ఏళ్లు ఎడ్లూ బర్లూ నా మీద నడిచాయి. ఉత్తగా నడిచి పోయినా బాగుండేది.

చివరికి చాకలి కొమురవ్వ అత్త రెండు జతల ఎడ్లను కట్టించి నన్ను వాగులోని చాకిరేవుకు లాగించింది. అత్త పోయాక కోడలికి దక్కాను. నలభై ఏళ్లుగా కొమురవ్వ ఊరి బట్టలన్నీ నా మీదే ఉతికింది. ఊరి సంగతులు తెలియాలంటే మాసిన బట్టలను మించిన సాక్ష్యం లేదు. శ్రావణమాసమంతా ఉపవాసమని చెప్పుకొనే పెద్దమనిషి ధోవతికి మటన్ పులుసు మరక నేను కళ్లారా చూశాను. కొమురవ్వ కూడా చూసేది. సబ్బు ఇంకాస్త గట్టిగా రుద్దేదే తప్ప ఎవరి దగ్గరా నోరు విప్పేది కాదు.

అలాంటి రేవుకు ఒకనాడు ముగ్గురు మనుషులు వచ్చారు. తమ పేరు జిల్లా చరిత్ర మిత్రులని చెప్పుకున్నారు. పెద్దవాడు రాపోలు వీరేశం, ఆర్టీసీలో ముప్పై ఒక్కేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, పాత లిపి సొంతంగా నేర్చుకున్నాడు. రెండో ఆయన ఖలీల్, ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. మూడో ఆమె సునీత, బళ్లో సాంఘికశాస్త్రం చెబుతుంది. వీళ్లకు జీతం లేదు, ఆఫీసు లేదు, ఆదివారం మాత్రం ఉంది. ఆదివారమైతే చాలు, ఊళ్లమ్మట తిరిగి పాత తాళాలు, కుండపెంకులు, తాతల నాటి కాగితాలు పోగేసి వీరేశం ఇంట్లో పెట్టేవాళ్లు. మంచం కింద నిండి, బీరువాలోకి పాకి, వంటింటి దాకా వచ్చాయి. ఇంకొక్క పెంకు గడప దాటితే పుట్టింటికి పోతానని ఆయన భార్య అండాలు చెప్పేసింది.

పైగా ఊళ్లో వీరేశానికి పరువు తక్కువే. రెండేళ్ల కింద రాజుల కాలం నాటి సరిహద్దు రాయి కనిపెట్టామని ఆయన పత్రికకు ఇస్తే ఫొటోతో సహా వచ్చింది. మర్నాడు ఒక రోడ్డు మేస్త్రీ వచ్చి, అది తను పదకొండేళ్ల కింద పాతిన కిలోమీటరు రాయనీ, రంగు పోయిందంతేననీ చెప్పి పోయాడు. అప్పట్నుంచి ఆయన పేరు రాళ్ల వీరేశం.

ఆ రోజు ఆయన నీళ్లలోకి దిగి, నా అంచు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. చీకటి బస్సులో చిల్లర పోల్చుకున్న వేళ్లవి. అక్షరం తగలగానే ఆగిపోయాయి. బండ కావాలని అడిగితే కొమురవ్వ తలెత్తకుండానే ఇవ్వనంది.

“మా అత్త తెచ్చిన బండ సారూ. నువ్వు తీస్కపోతే ఊరి బట్టలు నీ ఇంట్ల ఉతకాల్నా?”

తీసుకుపోనని, తిప్పి చూసి ఇక్కడే ఉంచుతానని వీరేశం బతిమాలాడు. ఎలాగూ ఈ రేవే ఉండదు, తిప్పుకో పొమ్మంది కొమురవ్వ. అప్పుడు తెలిసింది వాళ్లకు సంగతి. రేవు పక్కనే సర్పంచు జలంధర్ రావు బామ్మర్ది ఫంక్షన్ హాలు కడతానని శంకుస్థాపన చేశాడు. కార్లు ఆపడానికి జాగా చాలక రేవును పూడ్చడం మొదలుపెట్టారు. అప్పటికే పది లారీల మొరం పోశారు. కొమురవ్వ పంచాయతీకి పోయి అడిగితే, రేవు మీదే అనడానికి కాగితం ఉందా అన్నారట.

రాయి సంగతి సాయంత్రానికి సర్పంచు చెవిన పడింది. మర్నాడు ఆయనే జేసీబీతో దిగి నన్ను లేపించాడు. మట్టి కొంత రాలాక వీరేశం మొదటి రెండు వరుసలు కూడబలుక్కున్నాడు. ఈ ఊరిని ఏలిన పోతినాయకుడు వేయించిన శాసనమని తేలింది. ఇంకేం, పోతినాయకుడు మా వంశమేనని సర్పంచు అక్కడికక్కడే తేల్చేశాడు. ఏ ఆధారంతోనో ఎవరూ అడగలేదు. శుక్రవారం సభ అన్నాడు, విలేకరులను పిలుస్తానన్నాడు. వీరేశం భుజం మీద చెయ్యి వేసి, ఖాళీగా ఉన్న పాత పంచాయతీ ఆఫీసు మ్యూజియానికి ఇస్తాను, తాళంచెవి సభలోనే చేతిలో పెడతానన్నాడు. వీరేశం కళ్లు చెమర్చాయి. రెండు గదులు, ఒక వరండా.

మిగతా వరుసల్లో మట్టి సిమెంటులా పట్టుకుంది. ముగ్గురూ రెండు రోజులు బ్రష్షులతో గోకి విసిగిపోయారు. కొమురవ్వ వచ్చి, మీకు ఉతకడం చాతకాదని చెప్పి, బట్టలకు వాడే సౌడు మట్టి నానబెట్టి, గుడ్డతో పైపైన ఒత్తి, ఒక పూటలో నన్ను తేటగా తీసింది. వీరేశం బియ్యప్పిండి అద్దాడు. తెల్లగా తేలిన అక్షరాలను వేలితో వరుసగా చదువుతూ పోయి, ఆరో వరుస దగ్గర ఆగాడు. మళ్లీ మొదటికి వచ్చి చివరిదాకా చదివాడు.

“ఏం రాసున్నది సారూ?” అంది కొమురవ్వ.

“ఇంకా సదవలే.”

ఆమె తలూపి గుడ్డ పిండుకొని పోయింది. ఆయన చాలాసేపు నా ముందే కూర్చున్నాడు. సునీత వచ్చి తను కూడా చదివింది. సభలో మొదటి రెండు వరుసలు మాత్రం చదివి దిగిపోతే ఎలా ఉంటుందని ఆయన అడిగితే, గదులైతే వస్తాయి సార్ అని మాత్రం చెప్పింది.

శుక్రవారం సభకు ఖలీల్ ఫ్లెక్సీ కట్టాడు. సర్పంచు చెప్పినట్టే వేశాడు కనుక సర్పంచు నిలువెత్తున, నేను ఆయన మోచేతి దగ్గర అగ్గిపెట్టెంత ఉన్నాం. జలంధర్ రావు మైకు పట్టుకొని, మా పూర్వీకుడి మాట మాకు శిరోధార్యం, ఈ రాయి మీద ఏ ముక్క ఉంటే ఆ ముక్కకు కట్టుబడి ఉంటానని విలేకరుల ముందు ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. ఆయన చేతిలో తాళంచెవి తళతళలాడుతోంది.

వీరేశం లేచాడు. మొదటి రెండు వరుసలు చదివాడు. మళ్లీ చప్పట్లు. సర్పంచు తాళంచెవి పట్టుకొని దగ్గరికి వచ్చాడు. వీరేశం ఆ చేతి వంక చూశాడు, జనంలో వెనక నిలబడ్డ కొమురవ్వ వంక చూశాడు. తర్వాత గొంతు సవరించుకొని, బస్టాపుల పేర్లు పిలిచినంత గట్టిగా, ఒక్కో మాటా విడగొట్టి మూడో వరుస నుంచి అందుకున్నాడు.

పోతినాయకుడికీ ఆయన బంట్లకూ ఒక వేసవిలో గజ్జి పట్టింది. వైద్యులు చేతులెత్తేశారు. చాకలి కాచవ్వ అందరి బట్టలూ మూడు నెలలు ఉడకబెట్టి ఉతికి ఆ గజ్జి వదిలించింది. అందుకు మెచ్చి నాయకుడు ఈ రేవును, ఒడ్డున బట్టలు ఆరేసుకొనేంత నేలను కాచవ్వకు, ఆమె బిడ్డలకు, వాళ్ల బిడ్డలకు ఇచ్చాడు. ఈ రేవును చెరిపినవాడు ఇదే రేవులో మూటలు మోసే గాడిదై పుట్టుగాక.

నా మీద ఇంత ఉందని నాకూ అప్పుడే తెలిసింది. జనం ముసలివాళ్ల నుంచి మొదలై నవ్వారు. గజ్జి దగ్గర కొందరు, గాడిద దగ్గర అందరూ. ఒక విలేకరి, పోతినాయకుడు మీ వంశమేనన్నారు కదా అని సర్పంచును అడిగి ఖాయం చేసుకున్నాడు. జలంధర్ రావు నవ్వు మొహానికి అతుక్కుపోయింది.

కొమురవ్వ నెమ్మదిగా ముందుకు వచ్చింది.

“కాయితం అడిగితిరి గదా దొరా. ఇగో, ఇది. మొరం తీపియ్యుండ్రి, సాలు.”

అన్ని కెమెరాల ముందు ఆయన చేయగలిగింది ఒక్కటే. తల ఊపాడు. నన్ను లేపిన జేసీబీయే ఆ మధ్యాహ్నం నుంచి మొరం ఎత్తింది. రెండు రోజులు పట్టింది. తాళంచెవి మాత్రం సర్పంచు జేబులోకి పోయి మళ్లీ కనబడలేదు. ఎక్కడో పడిపోయిందన్నారు. కుండపెంకులు వీరేశం వంటింట్లోనే ఉన్నాయి. అండాలు పుట్టింటికి పోలేదు కానీ, ఉప్పు డబ్బా వెతుక్కోవాల్సి వచ్చినప్పుడల్లా ఆయన వంశాన్ని గుర్తుచేసుకుంటోంది. రాళ్ల వీరేశం పేరు కూడా పోలేదు. పిలిచేటప్పుడు కొందరు చివర ‘సారు’ చేర్చుతున్నారు.

ఫంక్షన్ హాలు హైవే మీదికి మారింది. దాని శంకుస్థాపన ఫలకం ఒడ్డున ఒంటరిగా మిగిలింది. నన్ను నిలబెట్టేశాక ఉతకడానికి బండ లేక కొమురవ్వ దాన్ని తెప్పించుకొని, పేర్లున్న పక్క కిందికి వేసుకుంది. గ్రానైటు కదా, మరీ నున్నగా ఉంది, బట్ట జారిపోతోందని ఆమె గొణుగుడు. నేను ఒడ్డున నిలబడి వింటుంటాను. దెబ్బలు లేక ఒళ్లు ఊరికే బద్ధకంగా ఉంటోంది.

పోయిన వారం వీరేశం ఒక్కడే వచ్చాడు. చెప్పులు విడిచి రేవులో దిగి, కొమురవ్వ మూట కట్టడం అయ్యేదాకా ఆగాడు.

“ఆ దినమే సదివిన కొమురవ్వా. నీకు అబద్ధం చెప్పిన. రెండు గదుల ఆశకు.”

“నాకెర్కనే సారూ. నలభై ఏండ్ల సంది మరకలు దాసేటోళ్ల మొకాలు సూస్తున్న.”

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని నా దగ్గరికి వచ్చింది. కాచవ్వ పేరు ఎక్కడుందని అడిగితే ఆయన ఆమె వేలు పట్టి చూపించాడు. సరిగ్గా అక్కడే మల్లోజు మరిచిపోయి ఇరికించిన అక్షరం. ఆమె దాన్ని రెండుసార్లు తడిమింది.

“గాడిద ముక్క యాడున్నది?”

కింది వరుస చూపించాడు.

“సదువు మళ్ల. మెల్లగ సదువు, తొందరేమున్నది.”

ఆమె మూట మీద కూర్చుంది. వీరేశం గొంతు సవరించుకున్నాడు.