అల్‌హాజీ అడిగిన ముగింపు

కానో నగరపు బట్టల వ్యాపారి, హజ్ యాత్ర చేసొచ్చి అల్‌హాజీ అనిపించుకున్న గర్జాలీ, తన రెండో భార్య హన్సతుకు పట్టపగలే విడాకులిచ్చాడు. ఇంటి నడిమి ముంగిట్లో, తడిబట్టలు ఆరేసిన తీగ కింద, నలుగురూ చూస్తుండగా ఇచ్చాడు.

ఆ రోజు పెద్దమనుషులు పెళ్ళిమాటలకు వచ్చారు. హన్సతు కన్న కూతురు మైరోను బడి మాన్పించి, లారీల యజమాని టుకుర్‌కు ఇవ్వాలని గర్జాలీ నిశ్చయించాడు. టుకుర్‌ది గర్జాలీ ఈడే. మైరోకు పద్నాలుగేళ్ళు. హన్సతు తెర వెనక నుంచి బయటికి వచ్చి, "ఈ పిల్లని ఆ ముసలాడికిచ్చే బదులు నన్ను నరికి పాతెయ్యండి" అంది.

పెద్దమనుషులు తలలు దించుకున్నారు. గర్జాలీ గోరింట పెట్టిన గడ్డాన్ని నిమురుకుంటూ అన్నాడు: "నా నోట మాట వచ్చిందంటే గోడకు కొట్టిన మేకు. దాన్ని పీకేవాళ్ళు ఇంకా పుట్టలేదు." ఆ వెంటనే విడాకుల మాట కూడా అనేశాడు.

పెద్దభార్య తలాటు వంటింటి గుమ్మంలో నిలబడి, ముసుగు కొంగుతో నవ్వు దాచుకుంది. "వెళ్ళిరా చెల్లీ. రోజూ పిల్లలకు కథలు చెప్పేదానివిగా, ఇక తీరిగ్గా రాసుకో. ఆ కథలే నీకు జొన్నముద్ద వండిపెడతాయి" అంది.

ఆ ఊరి ఆచారం ప్రకారం పిల్లలు తండ్రి సొత్తు. మైరో తల్లి నడుము పట్టుకుని వదల్లేదు. గర్జాలీ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఏడ్చే పిల్లను లోపలికి తోసి గొళ్ళెం పెట్టిన చప్పుడు వీధి దాకా హన్సతు వెంట వచ్చింది.

హన్సతు తన తమ్ముడు హబూ ఇంట్లో ఓ గదిలో దిగింది. పొద్దున్నే అలసంద గారెలు వేసి అమ్మేది. ఏడుపు వచ్చినన్నాళ్ళు ఏడ్చింది. ఒకనాడు గారెల పిండి కలుపుతుంటే ఏడుపు రాలేదు. దాని బదులు కోపం రాజుకుంది. ఆ సాయంత్రమే కలం పట్టుకుంది.

కానోలో ఆడవాళ్ళు రాసి ఆడవాళ్ళే చదివే చిన్న చిన్న నవలలు అంగళ్ళలో సబ్బుల పక్కన, కాటుక డబ్బాల పక్కన అమ్ముతారు. ఒక్కో కథ భాగాలు భాగాలుగా వస్తుంది. గడప దాటని ఇల్లాళ్ళు చిన్నపిల్లల్ని పంపి కొనిపించుకుంటారు. ఒక పుస్తకం పది ముంగిళ్ళు తిరుగుతుంది. మగవాళ్ళకు మాత్రం అవి పొట్లాలు కట్టుకునే కాగితాలు. హన్సతు తన చేతి గాజులు అమ్మి, తను రాసిన కథ మొదటి భాగం అచ్చు వేయించింది.

కథలో అల్‌హాజీ కుడీ అనే బట్టల వ్యాపారి ఉన్నాడు. గడ్డానికి గోరింట పెడతాడు. బట్ట కొలిచేటప్పుడు బొటనవేలు గజం బద్ద లోపలికి పెట్టి, కొలత కొలతకూ వేలెడు గుడ్డ మిగుల్చుకుంటాడు. పళ్ళపుల్ల నములుతూనే దైవభక్తి గురించి ఉపన్యాసాలు దంచుతాడు. తన మాట గోడకు కొట్టిన మేకంటాడు. మంచం పంచుకున్న మనిషికి తప్ప తెలియని సంగతులు ఎన్నో ఉన్నాయి అందులో. కొన్ని లేనివీ ఉన్నాయి. ఉరుమితే అల్‌హాజీ కుడీ మంచం కింద దూరి, తల్లిని పిలుస్తాడని రాసింది. అది పచ్చి అబద్ధం. జనం ముందుగా నమ్మింది దాన్నే.

రెండో భాగం చివర కుడీ కూతుర్ని గదిలో పెట్టి తాళం వేశాడు. బయట పెళ్ళి గోరింట నూరుతున్నారు. కథ అక్కడ ఆగిపోయింది. రేడియోలో ఒకావిడ ఆ పుస్తకాన్ని మధ్యాహ్నం పూట చదవసాగింది. ఆ వేళకు కానో ముంగిళ్ళలో రోకళ్ళు ఆగిపోయేవి.

గర్జాలీ కొట్టుకు బేరాలు తగ్గాయి. "మేకు అల్‌హాజీ కొట్టులో మాత్రం తేవద్దు" అని ఇళ్ళలోంచి కబురు వచ్చేది. తెచ్చిన గుడ్డను మూరలు వేసి మళ్ళీ కొలిచేవాళ్ళు. ఊరంతటిలో సంగతి చివరగా తెలిసింది గర్జాలీకే. అదీ ఎలా తెలిసింది? తన ఇంట్లోనే, తలాటు ఇరుగుపొరుగు ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని పళ్ళపుల్ల ఘట్టం నటించి చూపిస్తుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు.

ఈలోగా టుకుర్ ముసలితల్లి రేడియో కట్టేసి కొడుకుని పిలిచింది. "ఒరే, ఆ కథలో ముసలి పెళ్ళికొడుకు నువ్వేనటగా? ఆ పసిపిల్ల మన గడప తొక్కిన రోజున నేనీ గడప దాటిపోతా" అంది. టుకుర్ సంబంధం వదులుకున్నాడు.

గర్జాలీ వకీలు దగ్గరికి పరిగెత్తాడు. వకీలు గొంతు సవరించుకున్నాడు. "దావా వెయ్యొచ్చు అల్‌హాజీ. కాకపోతే ముందు మీరు కోర్టులో నిలబడి, ఆ కుడీ అనేవాడు నేనేనని చెప్పాలి."

మర్నాడు పొద్దెక్కాక గర్జాలీ హబూ ఇంటి వాకిటి గదికి వచ్చాడు. హన్సతు తెర అవతల కూర్చుంది.

"నేనెప్పుడే మంచం కింద దూరింది?" అని అరిచాడు.

"అది మీరని ఎవరన్నారు అల్‌హాజీ?"

గర్జాలీ గొంతు తగ్గించాడు. "మూడో భాగం రాస్తున్నావటగా. చంపుతావా వాణ్ణి?"

"ఇంకా తేల్చుకోలేదు. పాము కరిచి పోతే బాగుంటుందని మా మరదలంటోంది. పెంటగోతిలో పడి పోవాలని వీధి వీధంతా అంటోంది."

"హన్సతూ, నా కొట్టు మూతపడేలా ఉంది. వాడు పశ్చాత్తాపపడ్డాడని రాయి. అందరూ క్షమించారని రాయి. నీకేం పోయింది?"

అతని గొంతులో బతిమాలటం వినడం హన్సతుకు ఇదే మొదటిసారి. చల్లటి మజ్జిగ తాగినట్టు హాయిగా ఉంది ఆమెకు. తొందరపడకుండా ఆ హాయిని గుటకలు వేసింది.

"మైరో నా దగ్గరికి రావాలి. బడికి వెళ్ళాలి. తనంతట తాను ఒప్పుకునేదాకా పెళ్ళి మాట ఎత్తకూడదు. ఆ రోజు తలలు దించుకున్న పెద్దమనుషుల ముందే ఈ మాట చెప్పాలి. అప్పుడు మీరు చెప్పినట్టే రాస్తాను."

"చెప్పినట్టే?"

"అక్షరం తేడా రాదు."

శుక్రవారం నమాజు తర్వాత మైరో రేకు పెట్టెతో వచ్చింది. పెద్దమనుషులు సాక్ష్యం పలికారు. తల్లీకూతుళ్ళు ఒకరి వీపు ఒకరు నిమురుకుంటూ ఉండిపోయారు.

తర్వాతి వారం మైరో రెండు భాగాలూ చదివి ముఖం ముడుచుకుని వచ్చింది. "నన్ను కూడా పెట్టేశావు అమ్మా. బడిలో అందరూ ఆ కథలో పిల్ల పేరే పెట్టి పిలుస్తున్నారు. పైగా నాన్న గురించి అబద్ధాలెందుకు? ఉన్నవే చాలుగా?"

హన్సతు కలం పక్కన పెట్టింది. "నిన్ను అడక్కుండా పెట్టాను. అది తప్పే. కానీ ఉన్నవి చెప్పలేదనుకున్నావా? పెళ్ళైన దగ్గర్నుంచీ మా అన్నలకు చెప్పాను, ఇమాముకు చెప్పాను, మీ నానమ్మకు చెప్పాను. ఒక్కరైనా విన్నారా? కథ అని చెప్పి చూశా, ఊరంతా వింది."

మైరో కోపంగానే పొయ్యి దగ్గరికి వెళ్ళి గారెలు తిప్పసాగింది.

మూడో భాగం వచ్చింది. హన్సతు మాట తప్పలేదు. అల్‌హాజీ కుడీ మసీదు వాకిట్లో పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్యలు క్షమించారు. కూతురు క్షమించింది. దాసీలు, గాడిదలు తోలేవాళ్ళు, కొట్టు ముందు కూర్చునే బిచ్చగాళ్ళు కూడా క్షమించారు. అతను ఏ వీధికి వెళ్ళినా ఎవరో ఒకరు ఎదురొచ్చి, భుజం తట్టి, "పాపం, మేం మనసులో ఏం పెట్టుకోలేదులే" అనేవారు. చావు కూడా రాలేదు. తొంభై ఏళ్ళు బతికి, రోజుకు నాలుగుసార్లు క్షమాభిక్ష పుచ్చుకున్నాడు.

పుస్తకం ముంగిళ్ళన్నీ తిరిగింది. బేరాలు మళ్ళీ వచ్చాయి. గర్జాలీ గజం బద్ద తీసేసరికి, గుడ్డ కొనడానికొచ్చిన ముసలమ్మలు అతని చేతిమీద చెయ్యి వేసి, "మారిపోయావటగా నాయనా, మంచిది, మంచిది" అని కళ్ళు తుడుచుకునేవారు. ఒకప్పుడు అతను దగ్గితే గుమాస్తాలు లేచి నిలబడేవారు. ఇప్పుడతనికి కుర్చీ జరిపి, మంచినీళ్ళు తెచ్చి, జాలిగా చూస్తున్నారు. అతను అరిస్తే, "అంత పశ్చాత్తాపం పడ్డ మనిషి, పోనీలే" అంటున్నారు. రెండు నెలలు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత కొట్టు తమ్ముడికి అప్పగించి, తనెవరో తెలియని కడునా పట్నానికి వెళ్ళిపోయాడు.

ఆ కబురు హబూ మధ్యాహ్నం భోజనాల వేళ మోసుకొచ్చాడు. "ఇకనైనా కోపం తీరిందా అక్కా?"

హన్సతు నిజంగానే ఆలోచించింది. గొళ్ళెం చప్పుడు ఇంకా చెవిలో ఉంది. కూతురి వేళ్ళు నడుము మీంచి ఊడొచ్చిన చోటు ఇంకా సలుపుతోంది.

"తీరలేదురా" అంది. "కాకపోతే తిండి రుచి తెలుస్తోంది." మరదలి వైపు గిన్నె జరిపి ఇంకో ముద్ద వేయమంది.